కళాయి కాపలా

కామ్చిక్ కనుమ దాటగానే బస్సు ఇంజను మూలగడం మొదలెట్టింది. డ్రైవరు ఎర్గాష్ బండిని రోడ్డు పక్కకి తీసి, "దీని ఒళ్ళు చల్లబడాలి. కాసేపు కాళ్ళు చాపుకోండి" అన్నాడు. కాళ్ళు చాపుకోగానే ఆడవాళ్ళకి టీ గుర్తొచ్చింది.

హుల్కర్ అప్పటికే లేచి నిలబడింది. లేవమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మర్గిలాన్‌లో పట్టు నేసే వీధి నుంచి బయల్దేరిన ఆ బస్సులో ఇరవైమంది దాకా ఆడవాళ్ళున్నారు. నెలకొకరింట్లో చేరి విందు చేసుకునే జట్టు అది. అందరూ అత్తలే. కోడలన్నది ఆమె ఒక్కతే.

టీ పొయ్యడం చిన్న పని అనుకునేవాళ్ళు ఎప్పుడూ పోసి ఉండరు. కూజాలో ఆకు వేసి, ఫ్లాస్కులో వేడినీళ్ళు వంచాలి. పియాలా అనే పిడిలేని చిన్న గిన్నెలోకి పోసి, దాన్ని మళ్ళీ కూజాలోకే తిరగబొయ్యాలి. ముమ్మారు అలా చేస్తేగాని రంగు దిగదు. అప్పుడు పియాలా అడుగున ఒక్క గుక్క పోసి, ఎడమచెయ్యి గుండెమీద పెట్టుకుని, కుడిచేత్తో అందించాలి. ఒక్క గుక్కే. ఎంత తక్కువ పోస్తే అంత మర్యాద. మళ్ళీ అడగండి, ఎన్నిసార్లయినా పోస్తాను అన్నట్టు. నిండా పోస్తే, తాగి ఇక దయచెయ్యండి అన్నట్టు. ఆ మర్యాద కనిపెట్టిన మహానుభావుడెవడో గాని, జన్మలో కూజా పట్టుకుని ఉండడని హుల్కర్ నమ్మకం. ముందు వరసకి గుక్క అందించి వెనక వరసకి చేరేలోగా, ముందు వరస గుక్క మింగేసి చెయ్యి చాపేది.

"కోడలుపిల్లా, ఇటు పక్క కూడా మనుషులున్నారమ్మా!" కరామత్ అరిచింది. పైవరస పళ్ళన్నీ బంగారంతో కట్టించుకున్న మనిషి. అవి నలుగురికీ కనబడాలనైనా రోజంతా మాట్లాడుతుంది.

"వస్తున్నా పిన్నీ."

"మా కోడలూ అంతే, వస్తున్నా వస్తున్నా అంటుంది. పెళ్ళయిన కాణ్ణించీ ఇంకా వస్తూనే ఉంది."

బస్సంతా నవ్వింది. నవ్వు సద్దుమణగకుండానే విజిల్ మోగింది. ఇనాబత్ ఆపా లేచిందన్నమాట. స్కూల్లో రష్యన్ పాఠాలు చెప్పి రిటైరైంది. ఇప్పుడు వీధి సంఘంలో ఆడవాళ్ళకి పెద్ద. పట్టు మగ్గాలూ దుకాణమూ వాళ్ళాయనవి. విజిల్ మాత్రం ఆమె సొంతం.

"అందరూ వినండి. సమర్‌కందులో ఎవరూ గుంపు వదిలి పోకూడదు. రెగిస్తాన్ మైదానం, అక్కడి పాత మదరసాలు కాసేపు, బజారు చాలాసేపు."

"బజారు ఇంకాసేపు పెంచండి ఆపా."

"పెంచితే షాహిజిందా తగ్గుతుంది."

"తగ్గనీండి. అక్కడున్నవాళ్ళు ఎటూ సమాధుల్లోనే ఉన్నారుగా. వాళ్ళకేం తొందర?"

ఆఖరి వరసలో, చక్రం మీద పడే సీటులో, హుల్కర్ అత్తగారు సలామత్ కూర్చుని ఉంది. పట్టుదారం చుట్టీ చుట్టీ చీలికలు పడ్డ వేళ్ళతో ముందు సీటు కడ్డీ పట్టుకుంది. ఆమె కాళ్ళ దగ్గర నల్లటి ఇనప కళాయి, గోనెసంచి మీద బోర్లించి ఉంది. రోడ్డు గతుకు వచ్చినప్పుడల్లా అది ఆమె మోకాలికి వచ్చి తగిలేది.

"అత్తమ్మా, ముందు వరసలో చోటుంది. అక్కడ కూర్చోండి."

"నాకిక్కడే బాగుంది. నువ్వు కూజా సంగతి చూడు. ఇనాబత్ ఆపా పియాలా ఖాళీ అయి ఎంతసేపయిందో." సలామత్ వయసులో ఆ బస్సులో అందరికంటే పెద్దది. అయినా ఇనాబత్‌ని ఆపా అనే అంటుంది, అక్కగారిని పిలిచినట్టు. ఇనాబత్ ఆమెని ఒట్టి సలామత్ అంటుంది.

ఈ ప్రయాణంలో హుల్కర్‌కి సీటు దొరకడం ఆమె మొగుడు బున్యోద్ పుణ్యం. అతను రష్యాలో ఇటుకలు పేర్చే పనికి పోయాడు. అక్కణ్ణించి ఫోన్లో తల్లికి గట్టిగా చెప్పాడు. "ఈసారి హుల్కర్‌ని కూడా తీసుకెళ్ళు. ఈ దేశంలో పుట్టి రెగిస్తాన్ చూడనివాళ్ళం మేమిద్దరమే అయ్యుంటాం. ఒక్కరైనా చూడాలి."

సలామత్ సరేనంది. అని ఒక ముక్క కలిపింది. "కళాయికి కూడా ఓ మనిషి కావాలిలే."

హుల్కర్‌కి ఆ రోజు సరే అన్నది ఒక్కటే వినిపించింది.

*

సమర్‌కందులో బస్సులు ఆపే చోటు రెగిస్తాన్‌కి కూతవేటు దూరమే. కూత వినిపిస్తుంది, రెగిస్తాన్ కనిపించదు. మధ్యలో ఒక హోటలు అడ్డం.

హుల్కర్ బస్సులోనే కొత్త పట్టు గౌను వేసుకుంది. అద్దం లేక డ్రైవరు అద్దంలోనే చూసుకుని తలగుడ్డ ముడి సర్దుకుంది. కిందికి దిగేసరికి సలామత్ మెట్టు దగ్గర నిలబడి ఉంది.

"నువ్వెటు?"

"లోపలికి అత్తమ్మా. అందరితో."

"కళాయో?"

"ఎర్గాష్ అకా ఉన్నాడు కదా, అన్నలాంటివాడు."

"పరాయి మగాడి చేతికి అన్నం అప్పజెప్పి పోతావా? క్యారెట్టు ఎవరు తరుగుతారు? వాళ్ళు తిరిగొచ్చేసరికి పొలావు దిగి ఉండాలి. రేపు చూద్దువుగాని. అదెక్కడికి పోతుంది? ఇన్ని వందల ఏళ్ళనించి అక్కడే పడి ఉంది."

హుల్కర్ నోరు తెరిచింది. సలామత్ అప్పటికే తిరిగి నడుస్తోంది. మోకాలు పట్టేసిన కాలిని పక్కకి తిప్పి వేస్తూ, గుంపుకి వెనకబడిపోకుండా, చేత్తో గాలిని తోసుకుంటున్నట్టు.

హుల్కర్ పట్టు గౌను విప్పి మడిచిపెట్టింది. పాత నూలు గౌను వేసుకుని బస్సు మెట్టు మీద కూర్చుని క్యారెట్టు తరగడం మొదలుపెట్టింది. పసుపుపచ్చ క్యారెట్టు. ముందు పలకలుగా కోసి, పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, అగ్గిపుల్లల్లా సన్నగా చీల్చాలి. తురిమితే పనికిరాదు, కళాయిలో కరిగిపోతుంది. కాబట్టి చేత్తో తరగాల్సిందే. బియ్యం నానబెట్టింది. కళాయిని గ్యాసు పొయ్యి మీద ఎక్కించి నూనె కాగబెడుతుంటే పార్కింగు కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు.

"ఇక్కడ పొయ్యి వెలిగించకూడదు! చూడ్డానికి దేశదేశాల వాళ్ళొస్తారు ఇక్కడికి."

"నేనూ చూడ్డానికే వచ్చానన్నా," అంది హుల్కర్, ఉల్లిపాయలు నూనెలో వేస్తూ. నూనె చుర్రుమంది.

అతను ఆమెనీ కళాయినీ మార్చి మార్చి చూశాడు. వేట మాంసం పడ్డాక మాట మార్చాడు. "మంట ఎక్కువైంది. మాంసం రంగు తిరిగేదాకా కదపకు." కాసేపటికి ఒక స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు, ఆమెకి వంట నేర్పడానికి.

ఎర్గాష్ టైరు మీద కాలు పెట్టి పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. "బాధపడకు చెల్లీ. నేను ఇన్నేళ్ళుగా తోలుతున్నాను, రెగిస్తాన్ లోపలికి ఒక్కసారీ పోలేదు. ఈ పార్కింగు మాత్రం మూలమూలా చెప్పగలను. అదిగో ఆ స్తంభం దగ్గర నీడ సాయంత్రం దాకా ఉంటుంది. చాలా చారిత్రకమైన నీడ."

నవ్వొచ్చింది గాని, నవ్వితే కోపం తగ్గిపోతుందని హుల్కర్ నవ్వలేదు.

ఎండ దిగాక ఆడవాళ్ళు వచ్చారు. ముందు వాళ్ళ గొంతులొచ్చాయి, తరవాత సంచులొచ్చాయి, ఆ తరవాత మనుషులొచ్చారు. సమర్‌కందు రొట్టెలు, హల్వా, గాజుగిన్నెలు, మనవలకి బొమ్మలు. సలామత్ అందరికంటే వెనక వచ్చింది. ఆమె దగ్గర ఏ సంచీ లేదు. చేతులు మాత్రం ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది.

గడ్డి మీద భోజనాల గుడ్డ దస్తర్‌ఖాన్ పరిచి, పొలావు పళ్ళాల్లో గుట్టగా పోసి, పైన మాంసం పెట్టి, హుల్కర్ మళ్ళీ కూజా పట్టుకుంది. గుక్క తరవాత గుక్క. ఇనాబత్ ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుని, "ఉప్పు రవంత తగ్గింది" అంది. అని మూడుసార్లు వడ్డించుకుంది. చివర్న అందరూ సలామత్ వైపు తిరిగారు. ఆ జట్టులో ఆమెకి దక్కే మర్యాద అదొక్కటే. వయసులో పెద్దది కాబట్టి దస్తర్‌ఖాన్ మీద దువా చదివేది ఆమె. ఆమె చేతులెత్తితే అందరూ ఎత్తాలి. ఆమె ఆమీన్ అంటే భోజనం ముగిసినట్టే. ఆ తరవాత ఎవరూ మెతుకు ముట్టరు.

అంట్లు తీస్తూ హుల్కర్ అడిగింది. "లోపల ఎలా ఉంది అత్తమ్మా?"

"ఏది?"

"రెగిస్తాన్."

"ఏముంటుంది, ఇటుకలు."

"నీలం రంగు పెంకులంటారు కదా?"

"ఉంటాయి నీలం రంగువి కూడా. ఆ గరిటె ఇటియ్యి."

మర్నాడు పొద్దున షాహిజిందా. హుల్కర్ అడగకముందే సలామత్ రాత్రి తోమని పళ్ళాల వైపు చెయ్యి చూపించింది.

"నిన్న, రేపు అన్నారు."

"బుఖారా ఉందిగా ఇంకా. నోరు చేసుకోకు, అందరూ చూస్తున్నారు."

నిజంగానే అందరూ చూస్తున్నారు. జాలిగా కాదు. ఎవరి కోడళ్ళ మీద వాళ్ళకి ఇంత పట్టు ఉందా అని లెక్క చూసుకుంటున్నట్టు. హుల్కర్ కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని ఇసకతో కళాయి రుద్దింది. మోచేతుల దాకా మసి. అప్పుడే ఒక విదేశీయుల బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళు అబ్బురంగా ఆమె చుట్టూ మూగారు. ఒకావిడ వంగి, ఒకాయన మోకాలి మీద కూర్చుని ఫొటోలు తీశారు. కళాయి కాస్త ఇటు తిప్పమని సైగ చేశారు. ఆమె తిప్పింది. వాళ్ళు సంతోషంగా చేతులూపి మెట్లెక్కి పోయారు. సమర్‌కందు చూడ్డానికి వచ్చినవాళ్ళు హుల్కర్‌ని కూడా చూసిపోయారు. హుల్కర్ మాత్రం ఎవర్నీ, దేన్నీ చూడలేదు.

బుఖారా దారిలో, పత్తిచేల మీద పొద్దు వాలుతుండగా, బున్యోద్ ఫోన్ చేశాడు. బస్సులో మాటలు ఆగిపోయాయి. పక్కవాళ్ళ మొగుడు ఫోన్ చేస్తే వినడం ఆ వీధిలో తప్పు కాదు.

"చూశావా?"

హుల్కర్ అత్తగారి వైపు చూసింది. సలామత్ ఆమెనే చూస్తోంది.

"చూశాను."

"ఎలా ఉంది?"

"నీలంగా ఉంది. పెద్దగా ఉంది."

"ఇంకా?"

"ఇంకా... ఇటుకలున్నాయి."

అవతల బున్యోద్ పడీపడీ నవ్వాడు. "ఇటుకలేమిటే పిచ్చిదానా! ఇటుకలు నేనిక్కడ రోజూ చూస్తున్నాను."

సలామత్ ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది.

*

బుఖారాలో కలాన్ మసీదుకి ఒక సందు అవతల ఒక చాయ్‌ఖానా పెరడులో కూర్చుని తినడానికి అరుగంత పెద్ద చెక్క మంచం అద్దెకి తీసుకున్నారు. భోజనం అవగానే తిరుగు ప్రయాణం. ఇక చూడ్డానికి ఏ ఊరూ మిగల్లేదు. పొద్దున ఆడవాళ్ళు మసీదు వైపు బయల్దేరుతుంటే హుల్కర్ ఈసారి ఏమీ అడగలేదు. కత్తి తీసుకుని క్యారెట్టు ముందు కూర్చుంది. అడగకపోవడం సలామత్‌కి తగిలినట్టుంది. రెండడుగులు వేసి ఆగి, "మంట చూసుకో" అని, మళ్ళీ నడిచింది.

పొలావు తయారైంది. నీళ్ళు ఇగిరాక బియ్యాన్ని అంచుల నుంచి మధ్యకి పోగుచేసి, గరిటె కాడతో అక్కడక్కడా కన్నాలు పొడిచి, వెల్లుల్లి గడ్డలు పాతి, మూతబెట్టి గుడ్డ చుట్టింది. ఆవిరి పట్టడం అయింది. మూత తీయాల్సిన వేళ దాటింది. ఎవరూ రాలేదు.

"ఇంకాసేపుంటే మెతుకు చితికిపోతుంది," అన్నాడు ఎర్గాష్, మూత మీద చెవి పెట్టి వింటున్నట్టు వంగి. "అప్పుడు ఉప్పు తగ్గిందనరు, జావ కాచావంటారు. వెళ్ళి పిలుచుకురా. ఇది నేను చూస్తాను."

"పరాయి మగాడి చేతికి అప్పజెప్పకూడదట."

"ఓహో! కనుమ మలుపుల్లో మీ అందరి ప్రాణాలూ ఈ చేతుల్లో ఉన్నప్పుడు నేను పరాయివాణ్ణి కాను. అన్నం దగ్గరికొచ్చేసరికి పరాయివాణ్ణయ్యానా? పోవమ్మా పో."

హుల్కర్ జిడ్డుచేతులు గౌనుకే తుడుచుకుని సందులోకి నడిచింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. అత్తమ్మా, నా సీటుకి కూడా మీ అబ్బాయే డబ్బు పంపించాడు. అత్తమ్మా, నాకూ కళ్ళున్నాయి. అత్తమ్మా, నేను మీ కళాయి కాదు. ఆఖరిది బాగుందనిపించింది. దాన్నే రెండుసార్లు పెదాలు కదిపి అనుకుంది. సందు చివర మీనారు ఒక్కసారిగా ఇళ్ళ కప్పుల మీద నిలబడింది. కోపంలో తలెత్తి చూడబుద్ధి కాలేదు. అడిగే మాట జారిపోతుందని భయం.

మసీదు ముఖద్వారం లోపల చల్లగా, కాస్త చీకటిగా ఉంది. ఎండలోంచి వచ్చిన కళ్ళకి ముందు టిక్కెట్ల మనిషి కనిపించాడు. తరవాత గోడవారగా ఒక గుట్ట కనిపించింది. కోట్లు, చేతిసంచులు, బజారు సంచులు, కొత్త చెప్పుల పెట్టెలు, ఒక పుచ్చకాయ. గుట్ట మధ్యలో మనిషి ఉంది.

సలామత్ మెట్టు మీద కూర్చుని ఒక కాలు బారజాపి మోకాలు పిసుక్కుంటోంది. ఒళ్ళో ఇనాబత్ ఆపా ఉన్నికోటు, మడత నలక్కుండా. ఎవరైనా దారిలో వస్తే సంచుల్ని తన వైపు లాక్కుంటోంది. వాళ్ళు పోగానే ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటోంది.

హుల్కర్ ఆగిపోయింది. ఇంతలో లోపలి వెలుగులోంచి కరామత్ తలగుడ్డతో విసురుకుంటూ వచ్చింది. "అబ్బ, ఏం ఎండమ్మా! సలామత్, ఇదిగో ఇది కూడా చూస్తూండు. ఇంకో ఫొటో దిగి వచ్చేస్తాం." తన జాకెట్టు తీసి గుట్ట మీదికి విసిరి, హుల్కర్‌ని చూడకుండానే మళ్ళీ వెలుగులోకి పోయింది. జాకెట్టు జారి నేలమీద పడింది. సలామత్ దాన్ని తీసి, దుమ్ము దులిపి, మడతపెట్టి, తలెత్తింది.

"కళాయి ఎవరికి వదిలి వచ్చావు?" అంది.

"ఎర్గాష్ అకాకి."

"నీకు బుద్ధుందా?"

హుల్కర్ కూర్చుకొచ్చిన మాటలన్నీ ఎక్కడో రాలిపోయాయి. గుట్ట పక్కన గొంతుక్కూర్చుంది.

"రెగిస్తాన్‌లో కూడా ఇంతేనా?"

సలామత్ కోటు మడత సర్దింది.

"షాహిజిందాలో?"

"అక్కడ మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి. ఎక్కలేననే అనుకున్నారు వాళ్ళు. నా మంచికే చెప్పారు, కింద కూర్చో అని."

"ఎక్కలేకపోతే పొయ్యి దగ్గర కూర్చోవచ్చుగా అత్తమ్మా! మీరు కళాయి దగ్గరుంటే నేనైనా చూసేదాన్ని. ఇద్దరిలో ఒక్కరం చూసేవాళ్ళం కదా!" గొంతు పెరిగింది. టిక్కెట్ల మనిషి తల తిప్పాడు.

సలామత్ పుచ్చకాయని రెండు చేతులా పట్టుకుంది, అది ఎటో దొర్లిపోతుందన్నట్టు.

"నిన్ను వెంట తెస్తే ఇది చూస్తావుగా," అంది చివరికి. "నన్నిలా చూసినదానివి, ఇంటికెళ్ళాక నా మాట లెక్కచేస్తావా?"

మూడు రోజులుగా హుల్కర్ తిట్టుకుంటున్న మనిషి ఇలా కూర్చుని ఉంటుందని తెలిస్తే, తిట్లు వేరే మనుషుల కోసం దాచుకునేది.

"మీరెందుకు ఒప్పుకుంటారు ఇదంతా?"

"ఇనాబత్ ఆపా వాళ్ళ మగ్గాలకి దారం చుట్టినదాన్ని నేను. పక్కన కూర్చోబెట్టుకుని విందు పెడుతున్నారు. సంచి చూడమంటే చూడనా?" అని, వెంటనే పాత గొంతు తెచ్చుకుంది. "లే. పోయి మూత తియ్యి, మెతుకు పాడైపోతుంది. వీళ్ళని నేను పిలుచుకొస్తా. నువ్వొచ్చినట్టు ఎవరికీ తెలీనివ్వకు."

నాలుగడుగులు వేస్తే లోపలి ముంగిలి. అక్కణ్ణించి ఎండ తెల్లగా నేలమీద పరుచుకుని ద్వారం దాకా వచ్చి ఆగింది. ఆ నాలుగడుగులూ హుల్కర్ వెయ్యలేకపోయింది. లేచి, వచ్చిన దారినే వెనక్కి పోయింది.

*

పొలావు బాగా కుదిరింది. మెతుకు దేనికది విడిపోయి, నూనెతో తళతళలాడుతోంది. చెక్క మంచం మీద ఆడవాళ్ళు కాళ్ళు మడుచుకుని కూర్చున్నారు. సలామత్ అంచున కూర్చుంది. సంచులన్నీ తనే మోసుకొచ్చి మంచం కింద పేర్చింది.

ఇనాబత్ ఆపా మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకుంది. "ఇవాళ ఉప్పు సరిపోయింది. నేర్చుకుంటున్నావు."

"కోడలుపిల్లా, టీ!" అంది కరామత్, నోరు నిండుగా.

హుల్కర్ కూజా తెచ్చింది. ముమ్మారు తిరగబోసింది. మొదటి పియాలా ఇనాబత్‌ది. హుల్కర్ వంచింది. గుక్క పడింది. చెయ్యి ఆగలేదు. సగం దాకా వచ్చింది. ఆగలేదు. అంచు దాకా, ఇంకో చుక్క పడితే పొర్లిపోయే దాకా పోసి, ఎడమచెయ్యి గుండెమీద పెట్టుకుని అందించింది.

ఇనాబత్ అలవాటుగా చెయ్యి చాపి తీసుకుంది. పియాలా కాలింది. ఎక్కడ పట్టుకోవాలో తెలీక రెండు చేతుల వేళ్ళూ మార్చింది. అప్పటికి రెండోది కరామత్ ముందు నిండుగా ఉంది. తరవాతది నిండు. ఆ తరవాతదీ నిండే. హుల్కర్ ఎవరి ముందూ తొందరపడలేదు. ఒక్కొక్కరికీ తల వంచి, గుండెమీద చెయ్యి ఉంచి, నింపుకుంటూ పోయింది. మాటలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చెమ్చాలు కూడా ఆగాయి.

ఆఖరిది సలామత్. ఆమె పియాలాలో హుల్కర్ ఒక్క గుక్క పోసింది. అంతే.

"ఏమిటమ్మా ఇది?" అంది ఇనాబత్, పాఠం అప్పజెప్పని పిల్లని అడిగినట్టు.

"టీ ఆపా. తాగండి. మళ్ళీ మళ్ళీ పోయడానికి నేనిక్కడ ఉండను. మసీదు చూడ్డానికి వెళుతున్నాను."

"చూశారా, చూశారా! పొమ్మంటోంది మనల్ని!" కరామత్ బంగారు పళ్ళన్నీ బయటపడ్డాయి. "అన్నం ముందు కూర్చోబెట్టి పొమ్మంటోంది! మా ఇంట్లో అయితేనా, ఈపాటికి దాని పుట్టింటివాళ్ళని పిలిపించేదాన్ని."

"సలామత్," ఇనాబత్ గొంతు పెంచలేదు. "నీ కోడలు చేసింది చూశావుగా. నువ్వేమంటావు?"

సలామత్ ముఖం పాలిపోయింది. హుల్కర్ కూజా పట్టుకుని అలాగే నిలబడింది. అత్తగారు ఇప్పుడు తిడుతుంది, తిట్టాలి కూడా. తిట్టకపోతే ఆ మంచం మీద ఆమెకి ఇక చోటుండదు. తిట్టనీ, పడతాను అనుకుంది. కూజా మాత్రం ఇంకెవరికీ వంచను.

సలామత్ పియాలా తీసి చూసింది. అడుగున ఒక్క గుక్క, పచ్చగా కదులుతోంది. తాగింది. పియాలా కింద పెట్టింది. మూతి తుడుచుకుంది. చేతులు రెండూ చాచి, అరచేతులు పైకి తిప్పి ముఖం ముందుకెత్తింది.

చేతులకి ఉండే అలవాటు వేరు. అవి మనసుని అడగవు. మంచం మీద ఉన్న చేతులన్నీ లేచాయి. కరామత్ మాంసం ముక్క కంగారుగా దవడలోకి తోసి చేతులెత్తింది. ఇనాబత్ చేతులు కూడా లేచాయి. లేచాకగాని ఏం జరుగుతోందో ఆమెకి తట్టలేదు. ఎత్తిన చేతులు దువా మధ్యలో ఎవరు దించుతారు?

"దారిలో ఉన్నవాళ్ళకి దారి చూపించు దేవుడా," అంది సలామత్. "దూరదేశంలో ఉన్న బిడ్డల్ని చల్లగా చూడు. ఈ అన్నం వండిన చేతుల్ని చల్లగా చూడు. మోకాళ్ళకి కాస్త సత్తువ ఇయ్యి. ఆమీన్."

"ఆమీన్," అన్నాయి అన్ని గొంతులూ, ఒకటి రెండు ఆలస్యంగా. అందరూ ముఖాలు తడుముకున్నారు. పళ్ళాల్లో పొలావు గుట్టలు సగం కూడా తరగలేదు. పైన మాంసం అలాగే ఉంది. నిండు పియాలాల మీద ఆవిరి లేస్తోంది.

"ఇంకా తింటూంటేనే..." కరామత్ గొంతు ఏడుపులోకి దిగింది.

"ఆమీన్ అయ్యాక ఏం తింటావమ్మా," అని సలామత్ మంచం అంచు పట్టుకుని లేచింది. "ఇనాబత్, సంచులన్నీ మంచం కింద ఉన్నాయి. నీ కోటు పైనే ఉంది. చూస్తూండండి." హుల్కర్ వైపు తిరిగింది. "ఆ కూజా అక్కడ పెట్టి రావే. ఎంతసేపు నిలబడతావు?"

*

టిక్కెట్ల మనిషి సలామత్‌ని చూసి నవ్వాడు. "పొద్దుటంతా నాతో పాటు కాపలా కాశావు. నిన్ను టిక్కెట్టు అడుగుతానా? పోమ్మా, ఈ పిల్లని కూడా తీసుకుపో."

లోపలికి దిగే మెట్ల దగ్గర సలామత్ ఆగింది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి కోడలికి ఇచ్చి, ప్రతి మెట్టునీ తిట్టుకుంటూ దిగింది. దిగి, ఎవరింటికో వచ్చినట్టు తలగుడ్డ సర్దుకుంది. ముంగిలి విశాలంగా ఎండలో మెరుస్తోంది. మధ్యలో ఒకే ఒక్క మల్బరీ చెట్టు. నాలుగు పక్కలా కమానుల వరసలు. ఆ చివర, ఆకాశాన్ని ఆనుకుని నీలం గుమ్మటం. హుల్కర్ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. చేతుల మసి, కళాయి, కరామత్ పళ్ళు, ఏవీ గుర్తురాలేదు.

సలామత్ ఈ చివర్నించి ఆ చివర దాకా చూసి, "ఇంత వాకిలి! రోజూ ఊడ్చేదెవరో పాపం" అంది.

హుల్కర్‌కి నవ్వు ఆగలేదు. మూడు రోజుల నవ్వు ఒక్కసారే వచ్చింది. సలామత్ కోపంగా చూడబోయి చూడలేకపోయింది.

చెట్టు నీడలో కాసేపు నిలబడ్డారు. "వచ్చే నెల మనింటి వంతు," అంది సలామత్. "ఒక్కరూ గడప తొక్కరు. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళతో కూర్చుని తింటున్నాను."

"నావల్లే కదా."

"కాక మరి? నీవల్లే." అని మోకాలు వంచి చాపి చూసుకుంది. "నా పియాలాలో పోస్తుంటే నాకు భయమేసింది. నాకు కూడా నింపుతావనుకున్నా."

హుల్కర్ ఆమె భుజం మీద పడ్డ ఎండుటాకు తీసేసింది.

"నువ్వు ఆ గుమ్మటం దాకా పోయిరా. నేనిక్కడ కూర్చుంటా. చెప్పులు విప్పమంటారేమో, నీ చెప్పులు చూస్తూంటా."

"చెప్పులు ఎవరూ ఎత్తుకుపోరు. రండి."

సందు అవతల బస్సు హారన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది, ఈసారి పొడుగ్గా. దాని వెనకే విజిల్. హుల్కర్ గుమ్మటం వైపు చూసింది, ద్వారం వైపు చూసింది.

"పిలుస్తున్నారు అత్తమ్మా. వదిలేసి పోతారేమో."

"కళాయి ఎవరు కడిగారు?"

"ఇంకా ఎవరూ కడగలేదు."

"జిడ్డు కళాయి బస్సులో పెట్టుకుంటే వాళ్ళ పట్టుగుడ్డలేమవుతాయి? వాళ్ళలో ఎవరన్నా దాన్ని కడగాలి, లేదా మనకోసం ఆగాలి. ఏదో ఒకటి తేల్చుకోనీ." సలామత్ కోడలి భుజం మీద చెయ్యి ఆనించి, నొప్పి కాలు ముందుకి వేసింది. "నడు. గోడవారగా కాదు, మధ్యనుంచి నడు."